జహనుమా అంటే దునియాను చూపించేది: పెద్దల బొమ్మల కితాబుల తారీఖ్

మా బస్తీ పేరు జహనుమా. రోజుకు పది సార్లు నోట్లో నలిగే లఫ్జ్ గనుక దాని మతలబ్ మీద ఎవరికీ ధ్యాస ఉండదు. ఫార్సీలో జహాన్ అంటే దునియా, నుమా అంటే చూపించేది. పాయ్‌గా అమీర్ల మహల్‌కు ఉన్న పేరు బస్తీకి వచ్చింది. మహల్ రోజులు పోయాయి, పేరు మాత్రం ఆటోల మీద, దుకాణాల బోర్డుల మీద మిగిలింది. 1822లో కలకత్తాలో వెలువడిన మొట్టమొదటి ఉర్దూ అఖ్బార్ పేరు కూడా ఇదే: జామ్-ఎ-జహాన్‌నుమా. ఈరానీ కిస్సాల్లో జమ్షేద్ బాద్షా దగ్గర ఒక ప్యాలా ఉండేదట, అందులోకి తొంగి చూస్తే దునియా మొత్తం కనబడేదట. అఖ్బార్‌కు ఆ ప్యాలా పేరే పెట్టుకున్నారు.

దునియాను చూపించే ఇంకో ప్యాలా గురించి ఈసారి రాస్తున్నాను. దాన్ని గ్రాఫిక్ నవల అంటున్నారు. బొమ్మల్లో నడిచే కథ, కానీ పెద్దల కోసం. ఈ మాట ఎత్తగానే మన ఇళ్లలో రెండు జవాబులు వస్తాయి. "బొమ్మల పుస్తకాలా? పిల్లలకు తెచ్చివ్వు" అనేది ఒకటి. "తస్వీర్లు మనకెందుకు భాయ్" అనేది రెండోది. రెండింటికీ తారీఖ్‌లో జవాబు ఉంది. ముందు మొదటిదాని సంగతి చూద్దాం.

కలీలా, దిమ్నా, ఒక మోసగాడు

మన పంచతంత్రం పహ్లవీలోకి వెళ్లి, అక్కడి నుంచి 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా కలంతో అరబీలోకి వచ్చి "కలీలా వ దిమ్నా" అయింది. ఆయన ముఖద్దిమాలో, అంటే ముందుమాటలో, ఈ కితాబ్ ఎందుకో చెప్పుకున్నాడు. జానవర్లు మాట్లాడతాయి గనుక నౌజవాన్లు దగ్గరికి వస్తారు. రంగురంగుల తస్వీర్లు ఉంటాయి గనుక బాద్షాల దిల్ ఖుష్ అవుతుంది. జనం మళ్లీ మళ్లీ నకలు రాయించుకుంటారు గనుక కాతిబ్‌కూ ముసవ్విర్‌కూ రోజీ దొరుకుతుంది. చివరిది, అసలైనది, ఆలోచించేవాళ్లకు హిక్మత్. బొమ్మల వంతు వచ్చేసరికి ఆయనకు గుర్తొచ్చింది బాద్షాలు, పిల్లలు కారు. రాజ్యం ఎలా చేయాలి, ఏ వజీర్‌ను నమ్మాలి, చాడీకోరును ఎలా గుర్తుపట్టాలి అనే కితాబ్ అది.

1237 నాటి ఇంకో కితాబ్ చూడండి. అల్ హరీరీ రాసిన "మఖామాత్"కు యహ్యా అల్ వాసితీ అనే ఆయన నకలు రాసి, తనే 99 తస్వీర్లు వేశాడు. కాతిబ్ ఆయనే, ముసవ్విర్ ఆయనే. అది ఇప్పుడు పారిస్ కుతుబ్‌ఖానాలో ఉంది. అందులో హీరో అబూ జైద్. ఊరూరా తిరుగుతూ, తీయటి జుబాన్‌తో జనాన్ని బోల్తా కొట్టించి పైసలు గుంజే చాలాకు మనిషి. మస్జిద్‌లో ఖుత్బా చెప్పి ఏడిపిస్తాడు, ఖాజీ ముందు ఝగడా నటిస్తాడు, బజార్‌లో బిచ్చమెత్తుతాడు. వాసితీ తస్వీర్లలో బానిసల బజార్ ఉంది, ఒంటెల మంద ఉంది, ఊరి ఇళ్ల ముందు కోళ్లు, మేకలు ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్లకు, 1258లో, హులాకూ ఫౌజ్ బగ్దాద్‌ను నాశనం చేసింది. అంతకు ముందు ఆ ఇలాకా మనుషులు ఎలా కూర్చునేవారో, ఏం తొడుక్కునేవారో ఇప్పుడు మనకు తెలుస్తున్నదంటే ఇలాంటి వరఖుల పుణ్యమే. ఒక షహర్ కాలిపోయినా తస్వీర్‌లో కొంత మిగిలింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మన షహర్ దగ్గర పనికొస్తుంది.

హంజా దాస్తాన్

మన వైపు వద్దాం. అక్బర్ బాద్షా తఖ్త్ ఎక్కిన కొన్నేళ్లకే ఒక పెద్ద పని పెట్టాడు. అమీర్ హంజా దాస్తాన్ మొత్తానికీ తస్వీర్లు వేయించాలని. 1562 ప్రాంతంలో మొదలై దాదాపు 15 ఏళ్లు సాగింది. హుమాయూన్ పిలుపు మీద ఈరాన్ నుంచి వచ్చిన మీర్ సయ్యద్ అలీ ముందు, ఆ తర్వాత అబ్దుస్సమద్ ఈ కార్‌ఖానా నడిపారు. మొత్తం 1400 తస్వీర్లు. ఒక్కొక్కటి రెండు అడుగులకు మించిన ఎత్తు, గుడ్డ మీద వేసినవి. ముందు వైపు తస్వీర్, వెనక వైపు కథ. దాస్తాన్‌గో వెనక నుంచి చదువుతుంటే కూర్చున్నవాళ్లు ముందు బొమ్మ చూసేవారని నిపుణుల అంచనా. దేవులు, పరీలు, జాదూగర్లు, కోటలు దూకే అయ్యార్లు. ఇది దర్బారు పెద్దలకు రాత్రి మహఫిల్.

ఆ 1400లో ఇప్పుడు దునియా మొత్తం మీద మిగిలినవి 200 లోపే. 1881లో శ్రీనగర్‌లో లండన్ మ్యూజియం మనిషి ఒకాయన కొన్నింటిని కొన్నాడు. వాటిలో కొన్ని కిటికీలకు చలి ఆపడానికి కట్టి ఉన్నాయట. అక్బర్ బాద్షా ఖజానా కిటికీ గుడ్డ అయింది. కొన్ని వరఖుల మీద ముఖాలు చెరిపేసి ఉన్నాయి. తస్వీర్ మీద మన సమాజంలో ఉన్న రెండు మనసులూ ఆ ఒక్క గుడ్డ మీదే కనిపిస్తాయి. వేయించినవాడూ మనవాడే, ముఖం చెరిపినవాడూ మనవాడే.

దక్కన్ సంగతి

దిల్లీ, ఆగ్రా మాటలు సరే, మన దక్కన్ తక్కువేం తినలేదు. కలీలా వ దిమ్నాకు ఫార్సీ రూపమైన "అన్వారె సుహైలీ"ని గోల్కొండలో 1582లో తస్వీర్లతో నకలు రాశారు. అది ఇప్పుడు లండన్‌లో ఉంది. అంటే పంచతంత్రం ఇక్కడి నుంచి బయలుదేరి, ఈరాన్, అరబ్ దేశాలు తిరిగి, వెయ్యేళ్ల తర్వాత గోల్కొండ కోటకు బొమ్మలతో వాపస్ వచ్చింది. మన హైదరాబాద్‌కు పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కుల్లియాత్, రంగులతో సింగారించిన ప్రతి, సాలార్ జంగ్ మ్యూజియంలో ఉంది. దారుల్ షిఫా దగ్గరే. జహనుమా నుంచి ఆటోలో పోయి రావచ్చు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది నుస్రతీ "గుల్షనె ఇష్క్". 1657లో బీజాపూర్‌లో దక్కనీలో రాసిన మస్నవీ. మనోహర్, మధుమాలతిల ప్రేమ కథ. పేర్లు చూడండి, జుబాన్ చూడండి, రాసినవాడి పేరు చూడండి. దీన్ని 1743లో నకలు రాయించినప్పుడు 97 తస్వీర్లు వేశారు. ఆ ప్రతి అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. ఇష్క్, జుదాయీ, తల్లి కోపం, సముద్రంలో మునిగిన పడవ, పక్షిగా మారిన పిల్ల. ఇది పిల్లల కథ అని ఎవరంటారు?

నక్కాష్ అన్న లఫ్జ్

ఇప్పుడు కోటల నుంచి ఊళ్లోకి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో పటాలు వేసేవాళ్లను నకాషీలు అంటారు. ఈ లఫ్జ్ మన ఉర్దూ నక్కాష్, నక్ష్ నుంచి వచ్చిందే. పని ఇక్కడిది, పేరు అరబీది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూస్తారు. ఎండాక ఎర్రటి నేల మీద బొమ్మలు. పటం పదుల అడుగుల పొడవు. వరసలు వరసలుగా గడులు, గడికీ గడికీ మధ్య పూల అంచు. ఒక చేత్తో పటం విప్పుతూ, రెండో చేతిలో కర్రతో బొమ్మను చూపిస్తూ కథ పాడతారు. గ్రాఫిక్ నవల పేజీకి దీనికి తేడా ఏముంది? ఒకటి మడత పెట్టింది, ఒకటి చుట్ట చుట్టింది.

ఇందులో అసలు ముచ్చట వేరే ఉంది. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పే వాళ్లు వేరే. పద్మశాలీల మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెబుతారు. ముదిరాజుల కోసం పాండవుల కథ కాకిపడగలవాళ్లు చెబుతారు. మాదిగల జాంబ పురాణం డక్కలివాళ్లు చెబుతారు. దర్బారు తారీఖ్‌లో పేరు లేని మనుషులు తమ పుట్టుక కథను గుడ్డ మీద వేయించుకున్నారు. మేము ఎక్కడి నుంచి వచ్చాం, మా ఇజ్జత్ ఏమిటి అన్నది బొమ్మల్లో చెప్పించుకున్నారు. చూసినవాళ్లు ఊరంతా. కష్టం చేసి సాయంత్రం కూర్చున్న పెద్దవాళ్లు.

బొమ్మ పిల్లల గదిలోకి ఎప్పుడు వెళ్లింది?

ఛాపాఖానా వచ్చాక కథ మారింది. 19వ శతాబ్దంలో మొదలుపెట్టి లక్నో నవల్ కిశోర్ ప్రెస్ హంజా దాస్తాన్‌ను 46 జిల్దులుగా అచ్చేసింది. "తిలిస్మె హోష్‌రుబా" అందులోదే. కథ మొత్తం అక్షరాల్లోకి వచ్చింది, బొమ్మ పక్కకు జరిగింది. వేల పేజీలు చవకగా అచ్చవ్వాలంటే వరఖుకో తస్వీర్ కుదిరే పని కాదు. మన షహర్‌లో కూడా అదే కాలంలో పాయ్‌గా నవాబు షమ్సుల్ ఉమరా ఛాపాఖానా పెట్టి, ఇంగ్లీషు సైన్సు కితాబులను ఉర్దూలోకి తెప్పించాడు. "సిత్తయె షమ్సియా" అని ఆరు కితాబులు. జర్రె సఖీల్, హయ్యత్, నీరు, గాలి, వెలుగు, బర్ఖ్ గురించి. అక్కడ బొమ్మ ఇల్మ్‌కు పనికొచ్చింది, కిస్సాకు కాదు.

తర్వాత 1947లో చందమామ, 1967లో అమర్ చిత్ర కథ. ఉర్దూ ఇళ్లలో దిల్లీ నుంచి వచ్చే "ఖిలౌనా". మంచి పత్రికలే. మా తరం వాటితోనే చదవడం నేర్చుకుంది. కానీ ఒక సంగతి జరిగిపోయింది. బొమ్మ ఉంటే పిల్లలది, అక్షరం ఉంటే పెద్దలది అన్న గీత పడింది. పెద్దవాళ్లకు ఇబ్నె సఫీ జాసూసీ నవలలు దొరికాయి, వాటిలో అట్ట మీద తప్ప లోపల బొమ్మ ఉండదు. ఆరు వందల ఏళ్లు బాద్షాల ముందూ, ఊరి అరుగు ముందూ ఉన్న కళ ఒక్క వందేళ్లలో పిల్లల గదిలో కూర్చుంది.

మళ్లీ పెద్దల దగ్గరికి

దునియాలో వేరే చోట ఆ గీత చెరిగింది. 1978లో న్యూయార్క్‌కు చెందిన విల్ ఐస్నర్ తను పెరిగిన గరీబు యూదుల బస్తీ మీద ఒక కితాబ్ వేశాడు. ఇరుకు గదులు, కిరాయి గొడవలు, బిడ్డ చనిపోయాక ఖుదాతో కొట్లాడే ఒక తండ్రి. గ్రాఫిక్ నవల అన్న పేరు జనంలోకి వెళ్లింది దీనితోనే. ఆర్ట్ స్పీగెల్‌మన్ తన అబ్బాను కూర్చోబెట్టి, హిట్లర్ క్యాంపుల నుంచి ఎలా బతికి బయటపడ్డాడో అడిగి "మౌస్" వేశాడు. అందులో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. 1992లో దానికి పులిట్జర్ స్పెషల్ అవార్డు వచ్చింది. జపాన్‌లో కేజీ నకజావా హిరోషిమా బాంబు కింద బతికిన పిల్లవాడు. పెద్దయ్యాక ఆ రోజును వేల పేజీల బొమ్మల్లో పెట్టాడు.

ఈరాన్ నుంచి మర్జానె సత్రాపీ 2000లో "పర్సెపోలిస్" మొదలుపెట్టింది. ఇంకిలాబ్, జంగ్, ఇంటి లోపల ఒక ఆడపిల్ల ఎదగడం, అన్నీ నలుపు తెలుపులో. దీన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులోకి తెచ్చింది. ఆమెతో ప్రతి మాటకూ ఒప్పుకోనక్కర్లేదు. నానీ పక్కన మల్లెపూల వాసన పీలుస్తూ పడుకునే ఆ పిల్లను చూస్తే మాత్రం మన ఇల్లే గుర్తొస్తుంది. రోజ్ చాస్ట్ 2014లో తన ముసలి అమ్మానాన్నల చివరి రోజుల మీద ఒక కితాబ్ వేసింది. మందుల ఖర్చు, ఆస్పత్రి, కోపాలు, తరవాత ఖాళీ ఇల్లు. జంగ్ లేదు, బాంబు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడ్డ ఎవరికైనా ఆ పేజీలు అర్థమవుతాయి.

మన ముల్క్‌లో ఒరిజిత్ సేన్ 1994లో నర్మదా ఆనకట్ట నిర్వాసితుల మీద, విశ్వజ్యోతి ఘోష్ 2010లో ఎమర్జెన్సీ మీద వేశారు. 2015లో మలిక్ సజాద్ "మున్నూ" వచ్చింది. కశ్మీర్ పిల్లవాడి బచ్‌పన్. కశ్మీరీలందరినీ ఆయన హంగుల్ జింకలుగా వేశాడు, అంతరించిపోతున్న జానవర్ గనుక. 2011లో వచ్చిన "భీమాయన" అంబేడ్కర్ జీవితం. గోండు పర్ధాన్ కళాకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ వేశారు. మనుషులను గడుల్లో బంధించం అని గడులే తీసేశారు. మెత్తటి మాట పిట్ట ఆకారంలో ఉంటుంది, విషపు మాటకు తేలు కొండి.

ఆ కితాబ్‌లో మనం తల దించుకుని చదవాల్సిన చోటు ఒకటుంది. 1934లో అంబేడ్కర్, ఆయన సాథీలు దౌలతాబాద్ కోట చూడటానికి వచ్చారు. అప్పుడు అది నిజాం రియాసత్. రమజాన్ నెల. కోట బయట హౌజ్‌లో నీళ్లతో ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంటరానివాళ్లు మా హౌజ్‌ను పాడుచేశారని ముసల్మాన్లు గుమిగూడి తిట్టారు. చివరికి నీళ్లు తాకకుండా చూడటానికి ఒక సిపాయిని వెంట ఇచ్చి లోపలికి పంపారు. ఇది అంబేడ్కర్ స్వయంగా రాసుకున్నది. ఒకే సఫ్‌లో నిలబడి నమాజ్ చదివే మనం, రోజాతో ఉండి, చేసిన పని ఇది. తారీఖ్ అంటే మన గాయాలే కాదు, మన చేతి గాయాలు కూడా.

మరి తస్వీర్ మసలా?

నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇవ్వను. ఈ మసలాలో ఉలమా మధ్య భిన్నమైన రాయ్ ఉంది, ఒక్కో ఇంటికి ఒక్కో పద్ధతి ఉంది. చూసిన ఒక్క సంగతి చెబుతాను. ఈ కళ మనిషి ముఖం మీద మాత్రమే ఆధారపడి లేదు. స్పీగెల్‌మన్ ఎలుకలతో చెప్పాడు, సజాద్ జింకలతో చెప్పాడు. ఒక దర్వాజా, విప్పిన చెప్పులు, పొయ్యి మీద దేగ్చీ, దండెం మీద ఖాళీ షేర్వానీ. వీటితో ఒక ఖాందాన్ కథ మొత్తం చెప్పొచ్చు. ఖత్తాతీ, బేల్‌బూటా మన చేతిలో ఉన్న విరాసతే కదా.

మన షహర్ వరఖులు

హైదరాబాద్ మీద ఒక గ్రాఫిక్ నవల ఉంది. జై ఉండుర్తి రాయగా హర్షో మోహన్ చట్టోరాజ్ బొమ్మలు వేశారు. ఇంగ్లీషులో ఉంది. ఒక్కటితో ఈ షహర్ అయిపోతుందా? 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. చెట్టు ఇంకా ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ రాత్రిని వరసగా గడుల్లో ఊహించుకోండి: ఒక్కో గడిలో నీళ్లు ఒక్కో కొమ్మ ఎక్కుతుంటాయి.

1948 సెప్టెంబర్ ఉంది. 13న ఫౌజ్ వచ్చింది, అయిదు రోజుల్లో రియాసత్ ముగిసింది. అంతకు ముందు రజాకార్లు పల్లెల్లో చేసిన జుల్మ్ ఉంది. ఆ తర్వాత ముసల్మాన్ల మీద జరిగినది ఉంది. పండిట్ సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది, ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

మా నానీమా ఆ రోజుల కిస్సా చెప్పేది. ఎప్పుడూ ఒకే చోట ఆగేది. ఊళ్లో ఇల్లు, జొన్నలు విసిరే తిరగలి, సాయంత్రం దర్వాజాకు గొళ్లెం పెట్టడం వరకు చెప్పేది. తర్వాత చుప్. మళ్లీ మాట మొదలైతే అప్పటికి షహర్‌లో ఎవరిదో ఇంటి వసారాలో ఉండేది. గొళ్లేనికీ వసారాకూ మధ్య ఏం జరిగిందో ఆమె చెప్పకుండానే వెళ్లిపోయింది. ఇన్నేళ్లు అఖ్బార్ పని చేసిన నాకు దాన్ని రాయడం రాలేదు. రాస్తే నేను ఊహించింది రాయాలి, రాయకపోతే అసలు లేనట్టు అవుతుంది. బొమ్మల కథలో గడికీ గడికీ మధ్య ఖాళీ జాగా ఉంటుంది. చూసేవాళ్లు అక్కడ కాసేపు ఆగి వాళ్లే దాటుకోవాలి. నానీమా ఖామోషీకి సరిపోయే జాగా అదొక్కటే. జో సాకో 2009లో వేసిన గజా కితాబ్ కూడా ఇదే పని చేసింది. 1956లో ఖాన్ యూనిస్, రఫాలలో జరిగిన కత్లె ఆమ్ గురించి ముసలివాళ్లను ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకరి యాద్ ఇంకొకరి యాద్‌తో కలవకపోతే రెండూ పక్కపక్కన వేశాడు.

ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో మూడు తరాలు, మూడు లిపులు. అమ్మీకి ఉర్దూ తప్ప రాదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి తెలుగులో డిగ్రీ చేశాను. పిల్లలది ఇంగ్లీషు మీడియం. దుబాయ్ నుంచి మామూ రాసిన ఖత్‌లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, పిల్లలు వాటిని ముట్టుకుంటారు గానీ చదవలేరు. నేను తెలుగులో రాసింది అమ్మీ చదవలేదు. తస్వీర్ ముందు ముగ్గురూ ఒకే మంచం మీద కూర్చోగలరు. అల్ వాసితీ ముందు, చేర్యాల పటం ముందు కూర్చున్నవాళ్లలో ఎందరికి అక్షరాలు వచ్చి ఉంటాయి?

బొమ్మ వేయడం వచ్చిన పిల్లలు మన బస్తీల్లో కొదవ లేదు. పెళ్లి కార్డులు వేస్తారు, షట్టర్ల మీద రాస్తారు, ఫోన్ మీద వేలితో గీస్తారు. వాళ్లకు కావలసింది కిస్సా. అది మన పెద్దవాళ్ల దగ్గర ఉంది, ఎక్కువ రోజులు ఉండదు. ఈ జుమా నమాజ్ అయ్యాక దాదీ దగ్గరో నానా దగ్గరో కూర్చోండి. ఏం జరిగింది అని అడగకండి, అలా అడిగితే చుప్ అయిపోతారు. ఇంటి దర్వాజా ఏ రంగు, బయలుదేరినప్పుడు చేతిలో ఏముంది, కాళ్లకు ఏముంది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆగిన చోట ఒక లైను ఖాళీ వదిలేయండి.